కిరాయి కుర్చీలు

మొన్న మధ్యాహ్నం మా ఇంటికి ఒక అమ్మాయి సర్వేకు వచ్చింది. చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎట్లాంటి చోట పనిచేస్తున్నారు, జీతం వేళకు అందుతుందా, పైవాళ్ళు మనసుకు ఇష్టం లేని పనులేమైనా చేయిస్తున్నారా అని ఇల్లిల్లూ తిరిగి అడిగి ఫోనులో ఎక్కించుకుంటున్నదట. మా కోడలు ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తుంది, ఆ రోజు సెలవు కనుక ఇంట్లోనే ఉంది. కోడలు సోఫాలో కూర్చుని జవాబులు చెబుతుంటే ఆ పిల్ల గుమ్మం పక్క గోడకు భుజం ఆనించి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ అడుగుతున్నది. కూర్చోమన్నాను.

"వద్దమ్మా, ఇండ్లల్ల కూసోవద్దన్నరు మాకు. కూసుంటే ముచ్చట్లు పెడ్తమంట" అని నవ్వింది.

ఆ నవ్వుకు నా ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు నా కోపం. ఈ కోపం పాతది, తెలంగాణ ఉద్యమం నాటిది, ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నేను మూడో తరగతిలోనే బడి మానేసి ఆసు పోయడానికి కూర్చున్నాను. రోజంతా దారం అటూ ఇటూ తిప్పి తిప్పి సాయంత్రానికి భుజం పడిపోయేది, అయినా అది కూర్చుని చేసే పని. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి మా అత్తమామలు బతుకంతా కూర్చునే నేశారు. మగ్గాలు కూడు పెట్టని కాలం వచ్చాక మా ఇంటాయన మూసారాంబాగ్‌లో టెంట్‌హౌస్ పెట్టాడు. షామియానాలు, గిన్నెలు, ప్లాస్టిక్ కుర్చీలు కిరాయికి ఇవ్వడం. కుర్చీలు మారిపోకుండా వాటి వీపున ఎర్రరంగుతో మా ఇంటిపేరు మొదటి అక్షరం వేయించాను. కాలు విరిగిన కుర్చీని కూడా నేను పారేయనిచ్చేదాన్ని కాదు, తీగ కట్టి వంటవాళ్ళ కోసమని పంపేదాన్ని. పిసినారి అన్నవాళ్ళు అన్నారు. అననీ.

ఉద్యమం రోజుల్లో మా కుర్చీలకు తీరిక లేదు. ఏ చౌరస్తాలో చూసినా దీక్షా శిబిరమే. పొద్దున తీసుకెళ్ళిన కుర్చీలు గులాల్ పూసుకుని ఇల్లు చేరేవి, ఎంత కడిగినా సందుల్లో గులాబీ రంగు మిగిలేది.

మా బిడ్డ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పేది. మా రెండు వంశాల్లో అంత చదువు చదివిన ఆడపిల్ల అదే. ఆ సెంటర్‌లో ఒక పద్ధతి ఉండేది, చదువు చెప్పేవాళ్ళకు క్లాసులో కుర్చీ ఉండదు. మరిచిపోయి వేయకపోవడం కాదు, వద్దని తీసేయించారు. కూర్చుని చెబితే పాఠం కూడా కూర్చుండిపోతుందని ప్రిన్సిపాలు జోకు వేసేవాడట. గోడకు కెమెరా, ఎవరైనా పిల్లల బెంచీ అంచున ఆనుకున్నా పిలుపు వచ్చేది. ఆ సెంటరుకు భాగస్వాములు ఇద్దరు, ఒకరు మావైపు, ఒకరు ఆంధ్రావైపు. బయట ప్రత్యేక రాష్ట్రం గురించి ఒకరిది ఒక మాట, ఇంకొకరిది ఇంకో మాట, కుర్చీల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

అప్పటికి నా బిడ్డ కడుపుతో ఉంది. అల్లుడు సమ్మెలో ఉన్నాడు, జీతం ఆగిపోయింది, ఆ ఇంటికి నా బిడ్డ నౌకరి ఒక్కటే ఆధారం. అందుకే మా ఇంట్లో ఉంటూ పోయి వచ్చేది. సాయంత్రం వచ్చేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీల అచ్చు పడి ఉండేది. ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టించి నేనే రుద్దేదాన్ని. రుద్దుతూ వాళ్ళను తిట్టేదాన్ని.

మా వెనక గల్లీలో కిరాయికి ఉండే గుంటూరు వైపు అమ్మాయి కూడా అక్కడే ఫిజిక్స్ చెప్పేది. నన్ను పిన్నిగారూ అని పిలిచేది. స్టాఫ్‌రూములో అప్పటికే మీవాళ్ళు, మావాళ్ళు అని రెండు మూలలు అయ్యాయి, టీ కూడా విడివిడిగా తాగేవారట. ఈ ఇద్దరు మాత్రం ఒకే ఆటోలో పోయి ఒకే ఆటోలో వచ్చేవారు.

ఒక రోజు ప్రైవేటు లెక్చరర్లు, ఇంజనీర్లు, నర్సులు, ఇట్లా అందరి పని పరిస్థితుల మీద సర్వే చేసే బృందం ఒకటి ఆ సెంటరుకు వస్తున్నదన్నారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మాకు ముందు తెలిసిందల్లా మంచి కుర్చీలు కావాలని, పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేస్తామని ఆ సెంటరు మనిషి రావడమే. ఏదో మీటింగు అనుకుని మా ఇంటాయన శిబిరం నుంచి అప్పుడే వచ్చిన కుర్చీలను ఒక తుడుపు తుడిచి ట్రాలీ రిక్షా ఎక్కించాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ వచ్చారు. గుంటూరు అమ్మాయి తెల్లచీర వెనుక భాగమంతా గులాబీ రంగు.

"పిన్నిగారూ, మీ ఉద్యమం నా చీరకంటుకుందండీ. రేపు మావాళ్ళు నన్ను వెలివేస్తారు" అని నవ్వింది.

విషయం ఏమిటని అడిగితే ఆమే చెప్పింది. ప్రతి క్లాసులో ఒక కుర్చీ, స్టాఫ్‌రూమంతా కుర్చీలు, అన్నిటి వీపున మా ఎర్ర అక్షరం. సర్వేవాళ్ళు ప్రిన్సిపాలును పక్కన పెట్టుకునే అడిగారట, కూర్చునే వసతి ఉందా అని. అందరూ కూర్చునే ఉన్నారు కదా, ఉందన్నారు. అబద్ధం చెప్పవలసిన అవసరం ఎప్పుడైనా వస్తుందా అని కూడా అడిగారట. లేదన్నారు. మా బిడ్డ తన తండ్రి కుర్చీలో కూర్చుని లేదని చెప్పింది.

కుర్చీలు తేవడానికి ట్రాలీ బయలుదేరుతుంటే నేనూ ఎక్కాను. "ఏందయ్యా చూస్తున్నవ్, తొక్కు బండి" అంటే మా ఇంటాయన తొక్కాడు. బిడ్డ వెంటబడింది. "అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, నౌకరి పోతదే" అని వాకిట్లోనే ఏడ్చింది. నేను ఆగలేదు.

సెంటరు ముందు పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు నిండి ఉన్నారు. కుర్చీలు అప్పటికే మెట్ల కింద పేర్చి పెట్టారు. నేను కుర్చీలు తీసుకుపోనన్నాను. కిరాయి కూడా వద్దు, చెప్పేటోళ్ళు కూసునేతందుకు ఉండనియ్యి అన్నాను.

ప్రిన్సిపాలు నవ్వు మొహంతో, "అమ్మా, క్లాసుల్లో జాగ లేదమ్మా" అన్నాడు.

"సర్వేటోళ్ళకు కనబడ్డ జాగ పొద్దుగూకేసరికి యాడికి పోయింది సారూ? నా బిడ్డ కడుపుతోనున్నది. నువ్వు ఒక్క పూట నిలబడి చూపియ్యి, నేను కుర్చీలు ఎత్తుకపోత."

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఒకావిడ, మా పిల్లలకు చెప్పే మేడంలకు కుర్చీలు లేవా అని గట్టిగానే అడిగింది. అంతమంది చూస్తుండగా, అట్లాగే ఉంచుతామమ్మా అని చేతులు జోడించాడు. నేను గెలిచాననుకుంటూ ఖాళీ ట్రాలీలో ఇల్లు చేరాను.

మర్నాడు కుర్చీలన్నీ ఆ సెంటరు మేడ మీదికి పోయాయి. "మీ అమ్మగారి కానుకలు పైన భద్రంగా ఉన్నాయి మేడం" అని ప్రిన్సిపాలు నా బిడ్డతో అన్నాడట. ఆ వారమే టైంటేబులు మార్చి, ఎల్‌బీ నగర్ బ్రాంచిలో పై అంతస్తు క్లాసులు ఆమెకు వేశాడు. అక్కడ లిఫ్టు లేదు.

ఆ మెట్లు నా బిడ్డ ఎక్కలేదు, గుంటూరు అమ్మాయి ఎక్కింది. ఎల్‌బీ నగర్ నాకు దగ్గరండీ, నాకు వేయండి అని తానే అడిగి పుచ్చుకుంది. ఆమె ఇల్లు మా వెనక గల్లీలోనే కదా, ఎల్‌బీ నగర్ దగ్గరెట్లా అవుతుంది! వాళ్ళ మూలవాళ్ళు ఆమెను ఎన్ని మాటలన్నారో నా చెవినపడుతూనే ఉండేవి. మా మూలవాళ్ళు మెచ్చుకున్నారా అంటే అదీ లేదు.

సర్వే ఫలితం పేపరులో వచ్చిందంటే మా ఇంటాయన చేత రెండుసార్లు చదివించుకున్నాను. నగరంలోని కోచింగ్ సెంటర్లలో అధ్యాపకులకు వసతులు సంతృప్తికరమని రాశారు. కాన్పుకు సెలవు అడిగినప్పుడు, ఇక రానవసరం లేదని నా బిడ్డతో అన్నారు. పురుడు సుఖంగానే పోసుకుంది. కాని ఆమె పిక్కల మీద నీలంగా పొంగిన నరాలు మళ్ళీ అణగలేదు, ఇవాళ్టికీ పట్టీ చుట్టుకోనిదే గడప దాటదు. మేడ మీది కుర్చీలు ఎండకు పెళుసెక్కి, తర్వాత మా ఇంటాయన తెచ్చుకుందామని పోయి ఎత్తబోతే విరిగాయి. ఒక్కటి మిగిలితే వసారాలో వేసుకున్నాను.

మొన్న ఆ కుర్చీనే ఈడ్చుకొచ్చి సర్వే పిల్ల వెనకాల వేశాను. కూర్చుంటే తప్ప మా కోడలు ఇంకో జవాబు చెప్పదన్నాను. భయపడుతూ అంచున కూర్చుంది. ఆమె ఫోనులో తర్వాతి ప్రశ్న, పని చేసే చోట కూర్చునే వసతి ఉందా అని. మా కోడలు ఉందన్నది.

"నీకున్నదా బిడ్డా?" అని నేనడిగాను.

"మమ్మల్ని ఎవరడుగుతరమ్మా" అంటూ ఫోను చూసుకుంది.

తెలంగాణ వచ్చింది. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రో మా నెత్తి మీదుగా పోతున్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలన్నీ అద్దాల మేడలయ్యాయి, లోపల చీరలు పరిచి చూపే ఆడపిల్లలు పొద్దుటి నుంచి షట్టరు దించేదాకా నిలబడే ఉంటారు, కుర్చీలు ఉన్నది చీరలు కొనేవాళ్ళకే. గుంటూరు అమ్మాయి ఏ ఊళ్ళో ఉందో, ఆమె మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో తెలియదు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మా అత్త, ఆకలితో ఉన్నా, ఎవరి అనుమతీ అడిగి కూర్చోలేదు. చదువుకుంటే నా బిడ్డ అంతకంటే మంచి చోట కూర్చుంటుందనే కదా నేను మెతుకు మెతుకు మిగిల్చి చదివించింది.

సర్వే పిల్ల ఆఖరి ప్రశ్న అడుగుతూనే లేచి చెప్పులేసుకుంది. ఆమెను గేటు దాకా సాగనంపి వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసి చూశాను. ప్లాస్టిక్కు కూడా వెచ్చపడనంత తక్కువసేపు కూర్చుంది.