మా మాటల్లో ఆయన మాటలు

1982 మార్చి 20, సాయంత్రం, ఫార్మింగ్టన్ హిల్స్. ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, పక్కింటి ఇరాన్ ఇంజనీరు.

మేం తెలుగులో మాట్లాడుకుంటే ఆయన చెవి పర్షియన్ మాటలు వెతికేది. బజారు, జవాబు, రోజు అని వినబడితే చాలు, బల్ల చరిచి "అది మాది, తిరిగిచ్చేయండి!" అనేవాడు. "పట్టుకెళ్లండి అంకుల్, మాకు ఇంకా చాలా ఉన్నాయి," అనేది మా అమ్మాయి.

ఆ రోజు వాళ్ల కొత్త సంవత్సరం, నౌరూజ్. ఆనవాయితీ ప్రకారం బల్ల మీద మొలకెత్తిన గోధుమలు, వెల్లుల్లి, అద్దం పెట్టి మమ్మల్ని తన ఇంటికి పిలిచాడు. టెహ్రాన్‌లో బడిపంతులైన తమ్ముడు, ముల్లాల పాలన వద్దని కరపత్రాలు పంచుతున్నాడని బెంగగా చెప్పాడు. అంతలో తల్లి ఫోను వచ్చింది. ఆయన "సఫర్? సఫర్?" అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు.

హైదరాబాదులో పెరిగిన మా ఆవిడకు ఆ మాట తెలుసు. "ప్రయాణమా! మీ తమ్ముడు ఇక్కడికే వస్తున్నాడా?" అని సంబరపడింది.

ఆయన బల్ల చరచలేదు. "కాదు సిస్టర్. అక్కడ సర్కారువాళ్లు ఫోన్లు వింటారని, జైలుకు మేం ఆ మాట వాడతాం."

మా పళ్లేల్లో అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం ఆయన మా తలుపు తట్టాడు. "నేను ఎక్కువ అడిగితే అమ్మకు ప్రమాదం. మీ గొంతైతే అనుమానించరేమో. వాడు ఏ జైల్లో ఉన్నాడో కనుక్కుంటారా?" అని మా ఆవిడను అడిగాడు. మా ఆవిడ పర్షియన్‌కు దగ్గరైన, తనకొచ్చిన ఉర్దూ ముక్కలు కూడబలుక్కుని వాళ్లమ్మకు ఫోను చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"ఇంకొక్కసారి," అన్నాడాయన. మా ఆవిడ మళ్లీ మొదటి అంకె నుంచి తిప్పింది.