మెలిక తిరిగిన వైపుకే

1981 జూలైలో నన్ను నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ తాలూకా పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంటు అని ఉంది కదా అని చాలామంది నన్ను ఇంకో డాక్టరుకు సహాయకురాలిని అనుకునేవాళ్ళు. కాదు. ఆసుపత్రికి పెద్ద ఆ అసిస్టెంట్ సర్జనే. ఆ పైన నంద్యాలలో అసిస్టెంట్ డైరెక్టరు, ఆయన పైన కర్నూలులో జిల్లా అధికారి. కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. తాలూకాలోని పశువులన్నిటికీ మా సైన్యం ఇంతే.

ఈ బదిలీ నేను పోట్లాడి తెచ్చుకున్నది. నంద్యాలలో నన్ను కోళ్ళ టీకాలకూ మందుల గదికీ అంటగట్టారు. నాతో కలిసి చదివిన మగవాళ్ళు ఎద్దులకు ఆపరేషన్లు చేస్తుంటే నేను ఐసు డబ్బాల్లో టీకా సీసాలు సర్దుకుంటూ కూర్చున్నాను. నేను చదివింది ఇందుకేనా అని అసిస్టెంట్ డైరెక్టరు గారి ముఖానే అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, నా నోటికి జడిసేవాడు, అంతే. ఆళ్ళగడ్డ ఖాళీ అవగానే పంపించి, కష్టమైన ఈత కేసులు, అంటే పశువుల కాన్పులు, వస్తే నెత్తిన వేసుకోవద్దనీ, కబురు పెడితే మగ డాక్టరును పంపిస్తాననీ చెప్పాడు. ఆ మగ డాక్టరు బస్సు పట్టుకుని వచ్చేదాకా బర్రె ఆగుతుందా సార్ అన్నాను. ఆయన ఫైలు తిరగేశాడు.

ఆళ్ళగడ్డలో మొదటి రెండు నెలలూ నా దగ్గరికి మేకలు, కుక్కలు, కుంటి దూడలు వచ్చాయి. ఈత కేసు ఒక్కటీ రాలేదు. నేను కుర్చీలో కూర్చుని ఉండగానే రైతులు గుమ్మంలో నిలబడి కాంపౌండరు ఖాదర్‌ను, డాక్టరు లేడాప్పా అని అడిగేవాళ్ళు. ఈడనే ఉండారు కదప్పా అని ఖాదర్ నన్ను చూపించేవాడు. వచ్చినవాళ్ళు నాలోంచి వెనక గోడను చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేవాళ్ళు.

సెప్టెంబరులో ఒక పొద్దున దేవదానం వచ్చాడు. అహోబిలం దారిలో ఒక పల్లెలో ఓబుల్‌రెడ్డి అనే ఆసామి భూమి కౌలుకు చేసుకునేవాడు. అతని బర్రెకు నిన్న నొప్పులు మొదలై మధ్యాహ్నానికల్లా ఆగిపోయాయి. ఉమ్మనీటి సంచి కనపడలేదు, దూడ కాలు కనపడలేదు. రాత్రి నుంచి మేత ముట్టలేదు. ఊరి నాటువైద్యుడు ఏదో కషాయం తాగించి చేతులెత్తేశాడు. ఆ ఇంట్లో పిల్లలు తాగేది ఆ బర్రె పాలే, వర్షం మొహం చాటేసిన ఏడు ఇల్లు నిలబెట్టిందీ ఆ బర్రే. దేవదానం కూడా మగ డాక్టరు కోసమే వచ్చాడు. లేడని తెలిశాక నన్నే రమ్మన్నాడు. ఇంతకంటే గౌరవంగా ఎవరూ పిలవరని నాకు తెలుసు కాబట్టి పెట్టె సర్దుకుని, ఖాదర్‌ను వెంటబెట్టుకుని, ఓబుల్‌రెడ్డి పంపిన ట్రాక్టరు ట్రాలీలో ఎక్కాను. ఇది చేతకాకపోతే ఆ తాలూకాలో ఇంకెవరూ నన్ను పిలవరనీ తెలుసు.

బర్రె నిలబడే ఉంది. కళ్ళు లోపలికి పోయాయి, చెవులు చల్లబడ్డాయి. చేతికి మోచెయ్యి పైదాకా సబ్బు పట్టించి లోపలికి పెట్టాను. మామూలుగా దారి నేరుగా ఉంటుంది. ఇక్కడ మరచుట్టులాగా కుడివైపుకు తిరుగుతూ పోయి, వేళ్ళ దగ్గరే ఇరుకైపోయింది. పెద్దపేగులోంచి తడిమి చూశాను. గర్భసంచిని ఎడమవైపు పట్టి ఉంచే పొర సంచి మీదుగా బిగుసుకుని కుడికి పోతోంది. ఇక అనుమానం లేదు. సంచి కుడికి మెలిక తిరిగింది.

చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. చూడి బర్రె కడుపులో గర్భసంచి గట్టిగా కట్టేసి ఉండదు, వేలాడుతూ ఉంటుంది. లేచేటప్పుడో పడుకునేటప్పుడో కాలు జారితే నిండు దూడ బరువుకు సంచి తిరగబడి, మెడ దగ్గర మెలిక పడుతుంది. ఇక దూడకు దారి ఉండదు. మెలిక తీయకపోతే దూడ లోపలే చచ్చి, దాని వెనక తల్లీ పోతుంది. పొట్ట కోసి తీయడం ఒక దారి, కానీ అప్పటికే నీరసించిన బర్రెకు ఆ పల్లె పాకలో అది ఆఖరి దారి. మొదటి దారి దొర్లించడం. బర్రెను మెలిక ఉన్న వైపుకు పడుకోబెట్టి, ముందుకాళ్ళు ఒక తాడుతో, వెనకకాళ్ళు ఇంకో తాడుతో కట్టాలి. డొక్క మీద పొడుగాటి పలక ఒక కొస నేలకు ఆనేటట్టు వాలుగా వేయాలి. దాని మీద ఒక మనిషి నిలబడాలి. ఆ బరువుకు లోపల సంచి కదలకుండా ఉంటుంది. అప్పుడు తాళ్ళు లాగి బర్రెను వీపు మీదుగా అవతలి పక్కకు నెమ్మదిగా తిప్పాలి. లోపల సంచి ఆగి ఉంటే, బయట బర్రె ఒళ్ళు తిరిగి మెలికను అందుకుని విప్పేస్తుంది.

ఈ పని మెలిక ఎటు ఉంటే అటే చేయాలి. కుడికి పడితే కుడికే. నేను ఈ మాట అనగానే ఓబుల్‌రెడ్డి ముందుకు వచ్చాడు. నెరిసిన మీసం, చేతిలో కర్ర, ఊళ్ళో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. నాతో కాదు, ఖాదర్‌తో మాట్లాడాడు.

"ఏమప్పా, కుడికి మెలిక పడిందంటాండాది. మల్లా కుడికే దొర్లిస్తే ఇంగా బిగుసుకోదా? తాడు ముడి యాడన్నా అట్ట ఇప్పుతారా?"

ఖాదర్ నా వైపు చూశాడు. పెద్దాయనా, అడిగేదేదో నన్నే అడగండి, మెలిక తడిమింది నా చెయ్యి అన్నాను. ప్రశ్న మాత్రం తెలివైనదే. నేనూ కాలేజీలో మొదటిసారి విన్నప్పుడు ఇదే అడిగాను. కొట్టంలో సగానికి జొన్నలున్న గోనెసంచి ఒకటి కనపడింది. దాన్ని తెప్పించి మూతి రెడ్డి చేతికిచ్చాను. కింద గింజలున్న భాగాన్ని కుడికి ఒక చుట్టు తిప్పాను. సంచి మెడలో మెలిక పడింది.

"గింజలు దూడ. మూతి పట్టుకున్న మీరు బర్రె. గింజలు కదలకుండా నేను పట్టుకుంటాను, అది పలక చేసే పని. ఇప్పుడు మూతి ఎటు తిప్పితే మెలిక పోతుందో మీరే తిప్పండి."

రెడ్డి ముందు ఎడమకు తిప్పాడు. మెలిక ఇంకా బిగిసింది. కుడికి తిప్పాడు. విడిపోయింది. ఇంకోసారి వేయమన్నాడు, వేశాను, మళ్ళీ తిప్పాడు. తర్వాత సంచి కింద పెట్టి, తాళ్ళు తెమ్మని ఆయనే మనుషుల్ని కేకేశాడు. బాగుందనీ, ఒప్పుకున్నాననీ అనలేదు. నాకూ ఆ మాటలు అక్కర్లేదు, తాళ్ళు కావాలి.

పలక దొరికింది. చర్చికి సున్నం కొట్టడానికి వేసిన మంచె నుంచి ఊడదీసి తెచ్చారు. బర్రెను తాడు వేసి మెత్తగా కుడి పక్కకు పడుకోబెట్టాము. కాళ్ళు కట్టాము. పలక వాల్చాము. ఎవరో ఒకరు ఎక్కండి అన్నాను.

ఎవరూ ఎక్కలేదు.

తాళ్ళు పట్టుకోవడానికి ఎగబడిన మగవాళ్ళంతా నేల చూస్తున్నారు. విషయం ఏమిటో ఖాదర్ నా చెవిలో చెప్పాడు. చూడి పశువు కడుపు మీద కాలు మోపడం ఆ పల్లెలో మహాపాపం. అట్లా తొక్కినవాడి ఇంట్లో కడుపు పండదని నమ్మకం. హిందువులు, కిరస్తానీలు, ఈ విషయంలో అందరిదీ ఒకటే మాట. పిల్లలు కావలసిన వయసువాళ్ళు వెనక్కి తగ్గారు. ముసలివాళ్ళకు కోడళ్ళున్నారు. నేను ఎక్కలేను, నా చెయ్యి లోపల ఉండాలి. ఖాదర్ మందులు ఎక్కించాలి, పైగా అతని భార్యకు ఏడో నెల.

నాకు కోపం వచ్చింది. ఇదంతా మూఢత్వమనీ, సర్కారు డాక్టరుగా చెబుతున్నాననీ, నేను చెప్పినట్టు వినకపోతే బర్రె చస్తుందనీ గట్టిగానే అన్నాను. ఒక్కడూ కదల్లేదు. అప్పుడు దేవదానం తల్లి మార్తమ్మ లేచింది. నేను వచ్చినప్పటి నుంచి అరుగు మీద కూర్చుని, ఆడపిల్లకు ఇదంతా ఎందుకని నన్ను తిడుతున్న మనిషి. నిండైన శరీరం, ఇంకా నిండైన నోరు.

"ఏం పాపా, ఊరికే అరుస్తాండావు. మెలిక, మెలిక అంటాండావు. అది నీ చేతికి తప్ప ఎవురికన్నా తెలిసిందా? మేము దేన్ని సూసి తొక్కల్ల?"

అవ్వా, చెయ్యి కడుక్కుని రా, నువ్వే చూడు అన్నాను. ఆమె నిజంగానే వస్తుందనుకోలేదు. గాజులు తీసి కోడలికిచ్చి, మోచెయ్యి దాకా సబ్బు రుద్దుకుని బర్రె వెనక కూర్చుంది. ఎక్కడ తడమాలో చెప్పాను. దారి ఎటు తిరుగుతోందో వేళ్ళతో వెతకమన్నాను. ఆమె ముఖంలో వెటకారం పోయి శ్రద్ధ వచ్చింది. చెయ్యి తీసి, ఆ వేళ్ళను మెల్లగా కుడికి తిప్పి అందరికీ చూపించింది.

"అవును, తిరిగింది. పిండిన గుడ్డ మాదిరుండాది." ఆపైన మగవాళ్ళ వైపు తిరిగింది. "జరగండి. నేను ఎక్కుతా. పాపమైతే ప్రభువు నన్ను అడుగుతాడు, మిమ్మల్ని గాదు. నాకింగ పుట్టాల్సినోళ్ళు ఎవురూ లేరు."

పలక ఎక్కింది. ఎక్కాక ఒళ్ళు ఊగింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. దగ్గరగా నిలబడినవాడు ఓబుల్‌రెడ్డి. ఆమె చెయ్యి చాచి ఆయన భుజం పట్టుకుంది. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, కిరస్తానీ పేటలో ఇంటి ముసలమ్మ రెడ్డి భుజం మీద చెయ్యి వేయడమంటే చిన్న సంగతి కాదు. రెడ్డి భుజం దించలేదు. కర్ర నేలకు ఊని, ఇంకొంచెం దగ్గరికి జరిగి నిలబడ్డాడు.

లాగండి అన్నాను. బర్రె వీపు మీదుగా తిరిగింది. పలకతో పాటు మార్తమ్మ అడుగులో అడుగు వేస్తూ బరువు తీయకుండా జరిగింది. లోపలి చేత్తో తడిమి చూశాను. మెలిక అట్లాగే ఉంది. గుంపులో గొణుగుడు మొదలైంది. ఎవరో ఎడమకు ఒకసారి చూద్దామన్నారు. కుదరదన్నాను. బర్రెను తిప్పిన దారిన వెనక్కి తిప్పకూడదు, ఉన్న కాస్త ఫలితమూ పోతుంది. బోర్లా కూర్చోబెట్టి మళ్ళీ కుడి పక్కకు వాల్చాలి. అట్లాగే వాల్చాము. రెండోసారి దొర్లించాక వేళ్ళకు ఇరుకు కొంచెం వదులైనట్టు తెలిసింది. ఆ మాట పైకి చెప్పాను. నమ్మారో లేదో తెలియదు. తాళ్ళు మాత్రం ఎవరూ వదల్లేదు.

మూడోసారి బర్రె సగం తిరిగేసరికి నా చేతి చుట్టూ బిగుసుకుని ఉన్నదంతా ఒక్కసారి విడిపోయింది. ఉమ్మనీరు ధారగా నా భుజం దాకా తడిపేసింది. ఆ చప్పుడు పాకలో అందరికీ వినపడింది. దారి నేరుగా ఉంది. వేళ్ళకు దూడ గిట్టలు, వాటి మీద మూతి తగిలాయి. మార్తమ్మ పలక మీదే నిలబడి, అయిందా అని అడిగింది. అయింది, దిగు అవ్వా అన్నాను.

సంచి ముఖద్వారం తగినంత తెరుచుకునే ఉంది. దూడ కాళ్ళకు తాళ్ళు వేసి, బర్రె ముక్కినప్పుడల్లా లాగాము. దూడ చనిపోయే ఉంది. నిన్నటి నుంచి నెత్తురు అందక లోపలే పోయింది. దూడ మీద ఆశ పెట్టుకోవద్దని దేవదానానికి ముందే చెప్పి ఉంచాను. అయినా అతను దాని నోరు తుడిచి, పక్కటెముకలు రుద్ది చూశాడు. నేను వద్దనలేదు. ఖాదర్ బర్రె మెడ నరానికి సెలైను, కాల్షియం ఎక్కించాడు. మాయ పడిందో లేదో చూసి, మాత్రలు లోపల పెట్టి, నేను అక్కడే కూర్చున్నాను. ఎండ వాలే వేళకు బర్రె తనంతట తాను లేచి, ముందు తొట్టిలో నీళ్ళు తాగింది, తర్వాత పచ్చిగడ్డి నోట పెట్టుకుంది. దూడ లేకుండా పాలు చేపుతుందా అన్న భయం ఒకటి మిగిలింది. మార్తమ్మ నాలుగు రోజులు పొదుగు దగ్గర కూర్చుని దాన్ని మాటల్తో, తవుడుతో దారికి తెచ్చిందని తర్వాత తెలిసింది.

నంద్యాలకు కబురు పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ బర్రె బతికేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పగా ఉందనుకుంటే ఉండనివ్వండి, నేను ఆ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. ఆ నెల నుంచే ఆళ్ళగడ్డలో ఈత కేసులకు నన్ను పిలవడం మొదలైంది.

ఆ పూట నాకు తెలిసింది ఒకటుంది. దొర్లించే పద్ధతి పుస్తకంలో ఉంది, పలక ఎంత పొడుగుండాలో ఉంది, దాని మీద నిలబడే మనిషి ఎక్కడి నుంచి వస్తాడో లేదు. నా హోదా చెప్పినప్పుడు ఒక్కడూ రాలేదు. నా చెయ్యి తెలుసుకున్నది ఇంకొక చేతికి తెలిశాక మనిషి వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ ఊరికి పోయినా పెట్టె తెరవకముందే ఆ మనిషి ఎవరా అని గుంపులోకి చూసేదాన్ని. ఎక్కువసార్లు నాతో అందరికంటే గట్టిగా పోట్లాడుతున్న మనిషే అయ్యేది.