దాదీ పట్టీలు, తాడ్వాయి పెండ్లికూతురి నల్లపూసలు

మొన్న శుక్రవారం నమాజు ముగించి జానిమాజు చాప మడుస్తుంటే తాడ్వాయి నుంచి ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో నల్లపూసలు. దండ తీసి నా అరచేతిలో పెట్టి, "ఒక్క పూస పగిలింది అక్కా, కడమయన్నీ అట్లనే ఉన్నయి" అన్నది. ఆ వెండి తీగ చుట్లు చూడగానే పోల్చుకున్నాను. నలభై ఐదేండ్ల కింద నేను కట్టిన దండ అది, ఈమె ఆనాటి పెండ్లికూతురు.

మాది ఎల్లారెడ్డిలో పూసలు గుచ్చే ఇల్లు. బడి మొహం చూడని నాకు అక్షరాలూ, నమాజూ, పూసల పనీ మా దాదీ, అంటే నాన్నమ్మ, ఒకే చాప మీద కూర్చోబెట్టి నేర్పింది. పెండ్లి మా వాళ్లదైనా కాపోళ్లదైనా, బిస్మిల్లా అనకుండా మొదటి పూస ఎక్కించేది కాదు. గాజుపూస తొర్ర అంచు ఒక్కోసారి బ్లేడంత పదునుంటుంది కనుక, గుచ్చే ముందు ప్రతి పూసనూ వట్టి దారం మీద ముమ్మారు ఇటూ అటూ లాగి చూడాలి, దారం చిట్లితే ఆ పూసను పక్కన పెట్టాలి.

పదిహేనేండ్లకు నా చేతికి మొదటి పెండ్లి దండ ఇచ్చింది. ఆ రోజే కామారెడ్డిలో మామ ఇంటికి ప్రయాణం. బస్సు తప్పిపోతుందన్న తొందరలో చివరి గుప్పెడు పూసలు లాగి చూడకుండానే గుచ్చేశాను.

నేను తిరిగొచ్చిన నాడే పెండ్లికూతురి అవ్వ, కొంగులో పూసలు మూటగట్టుకొని మా గడపలో నిలబడ్డది. దండకు పసుపు రాస్తుంటే తెగి, పూసలు వాకిలంతా దొర్లినయట. "ఎల్లుండి లగ్గం బీబమ్మా. వియ్యపురాండ్లు అపశకునమని మొఖం తిప్పుకున్నరు. ఇగ మీ ఇంటి పూసలు వద్దంటున్నరు." దాదీ నా వైపు చూడనైనా లేదు. నేనే తల వంచుకొని, బస్సు తొందరలో చేసిన తప్పు చెప్పుకున్నాను.

"గంత తొందరుంటే కండక్టరువు కారాదూ బిడ్డా" అని ఆ అవ్వ మెత్తగా పొడిచి, మూట నా ఒళ్లో పెట్టింది. "తెంపిన చెయ్యే కట్టాలె. నేనైతే ఉత్త చేతులతో పోను."

దారమంటేనే వాళ్లకిక నమ్మకం లేదు. ఒక్కో పూసకు విడిగా తీగ కొక్కెం వేసి, ఒకదానికొకటి తగిలిస్తే ఒకటి పోయినా తక్కినవి రాలవు కదా అన్నాను. అంత తీగ ఇంట్లో లేదు. దాదీ తన కాళ్ల వెండి పట్టీలు విప్పి, కంసాలి అవుసులాయన దగ్గరికి పోయి సన్నటి తీగ తీయించుకొచ్చింది. పెండ్లినాటి నుంచి ఆమె కాళ్లకున్న పట్టీలవి. ఆనాడూ, మర్నాడు పొద్దున్నుంచీ కూర్చుంటే వేళ్లు చీరుకుపోయాయి గానీ, మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు దండ పూర్తయింది.

దాదీ, నేనూ అవ్వతోపాటే తాడ్వాయి పోయాము. పెద్ద వియ్యపురాలు దండ రెండు కొసలూ పట్టి గట్టిగా గుంజింది. మళ్లీ గుంజింది. ఆఖరుకు దండను కండ్లకద్దుకొని, "మా చిన్నదాని లగ్గానికి గిసుంటిదే కావాలె, ఈ పిల్లనే కట్టాలె" అన్నది. దాదీ బోసి కాళ్లతో, రాణీలా తల ఎత్తుకొని బస్సెక్కింది. ఆ తర్వాత ఎన్ని ఊర్ల పెండ్లిళ్లకు ఆ తీగ దండలు కట్టానో, అల్లా దయ.

ఇప్పుడు నల్లపూసలు అట్ట మీద కుట్టి దుకాణంలో వేలాడుతున్నాయి. తెగితే కొత్తవి కొంటారు, ఎవరి చెయ్యి గుచ్చిందో ఎవరూ అడగరు. అడగరని బాధ లేదు గానీ, ఆ దండను అరచేతిలో పెట్టుకుంటే దాదీ పట్టీల బరువే తోచింది. తీగకు ఆ పరీక్ష అక్కర్లేకపోయినా, డబ్బాలోంచి ఒక పూస ఏరి, దారం మీద ముమ్మారు లాగి చూశాను. బిస్మిల్లా అని ఎక్కించాను.