గాలి పోతే ఊరుకోని మామయ్య

ఎక్కడైనా కాస్త గాలి లీకవుతోందంటే చాలు, మా మామయ్యకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. టైరైనా, బెలూనైనా, అత్తయ్య కుక్కరైనా ఒకటే. ఒక చేతిలో సబ్బునీళ్ల డబ్బా, రెండో చేతిలో బ్రష్షు, నోట్లో "ష్!". ఆ మాట వినపడ్డాక ఆయన మెకానిక్ షెడ్డులో ఫ్యాను ఆగాలి, రేడియో ఆగాలి, మనుషులు ఆగాలి. ఒకసారి నాకు తుమ్ము వస్తే రోడ్డు మీదికెళ్లి తుమ్మి రమ్మన్నాడు. పక్కింటి పాప పుట్టినరోజుకు వెళ్లి బెలూన్లన్నిటికీ నురగ పూసి వచ్చాడు. వాళ్లు మళ్లీ పిలవలేదు.

అలాంటి మనిషి దగ్గర పనిచేయడం కత్తి మీద సాము. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

టర్బో బళ్లంటే ఆయన పంతం మరీ ఎక్కువ. టర్బో గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. దారిలో గొట్టం చిట్లినా, క్లిప్పు వదులైనా ఆ గాలి బయటికి పోతుంది. ఇక బండి ఎత్తు ఎక్కలేక నల్లపొగ కక్కుతుంది. మామయ్య గొట్టం మూతికి బిరడా బిగించి, కంప్రెసరుతో గాలి పట్టి, ప్రతి అతుకుకూ సబ్బునీళ్లు పూస్తాడు. బుడగలు లేచాయంటే లీకు అక్కడే.

ఒక రోజు ఒక ఓనరు తన డ్రైవరును తిట్టుకుంటూనే బండి దిగాడు. టర్బో నాశనం చేశాడట, కాలు మొద్దట, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదట. డ్రైవరు తల నెరిసిన మనిషి. తాళాలు చేత్తో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ ఓనరు మీద నాకే పళ్లు నూరాలనిపించింది.

మామయ్య బోనెట్ ఎత్తి, గాలి పట్టి, "ష్!" అన్నాడు.

"నేను మాట్లాడేది నా డ్రైవరుతో," అన్నాడు ఓనరు.

"ఎవరితో మాట్లాడినా నాకు గాలి వినపడదండీ. మాట్లాడాలనుంటే బండి తీసుకెళ్లిపోండి."

మామయ్య ఇంజను చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు. పూసిన చోటే మళ్లీ పూశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. డ్రైవరును స్టూలు మీద కూర్చోమని సైగ చేసి, నాతో టీ తెప్పించాడు. ఓనరు ఏదో అనబోయినప్పుడల్లా "ష్!". నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకంటే బ్రష్షు మొదటిసారి తగిలినప్పుడే గొట్టం అడుగున బుడగలు లేవడం నేను చూశాను.

డ్రైవరు టీ తాగి గ్లాసు కింద పెట్టాక, మామయ్య ఓనరు చెయ్యి లాగి ఆ గొట్టం కింద పెట్టాడు. గాలి చల్లగా తగిలింది.

"రబ్బరు పాతబడి చిట్లింది. నడిపినాయన తప్పేం లేదు. ఈ బండిని ఎత్తుల మీద ఇన్నాళ్లు లాక్కొచ్చాడంటే దండం పెట్టాలి," అని మండిపడ్డాడు.

ఓనరు చెయ్యి తుడుచుకున్నాడు. ఎటో చూస్తూ, "రేపు పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు డ్రైవరుతో.

వాళ్లు వెళ్లాక ఉండబట్టలేక అడిగాను, బుడగలు ముందే వచ్చాయి కదా, అంతసేపు ఆ నాటకమెందుకని.

"దారి పొడుగునా తిట్లు తిన్నాడురా పాపం. టీ అయినా ప్రశాంతంగా తాగనీ. అయినా నీకెందుకు? ఆ పానా తీసిన చోట పెట్టు," అని కసిరాడు.

ఆ వారంలోనే గ్రీజు చేతులతో కర్టెను పట్టుకున్నానని అత్తయ్య నన్ను కడిగి పారేస్తోంది. మామయ్య డబ్బా, బ్రష్షు పట్టుకుని పరుగున వచ్చాడు.

"ష్! కుక్కర్లోంచి గాలి పోతోంది."

అత్తయ్య టక్కున ఆగిపోయింది. ఆయన చెవులు రిక్కించి వంటగదంతా తిరుగుతుంటే నేను మెల్లగా జారుకున్నాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, కుక్కరు కడిగి గట్టు మీద బోర్లించి ఉంది.