పని చేసి చూపించమన్న డాక్టరమ్మ

రిటైరై ఊరికి పోయినవాణ్ణి చుట్టపుచూపుగా మళ్ళీ ఒమాన్ వచ్చి, పోయిన వారం మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో షుగర్ పరీక్షకు వెళ్ళాను. నర్సు మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి దూదితో స్పిరిట్ రాసింది. ఆ చల్లదనం చర్మానికి, ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా నోరు నా మాట వినలేదు. మోచేతి మడతలో గుచ్చవద్దు, అరచేతి వెనక తీయి, నరాలు దాచుకోవాలి అని హిందీలో ఆజ్ఞాపించాను. ఆ మలయాళీ పిల్ల బెదిరిపోయి, అంకుల్ డాక్టరా అని అడిగింది. రక్తనాళాల ఆపరేషన్లలో పద్దెనిమిదేళ్ళు ఉన్నానని గంభీరంగా చెప్పాను. అబద్ధమేమీ కాదు. పద్దెనిమిదేళ్ళు ఆపరేషన్ థియేటర్‌లోకి రోగుల ట్రాలీ తోశాను.

స్పిరిట్ వాసన వస్తే నాకు డాక్టర్ షంసా గుర్తొస్తుంది. మస్కట్ దగ్గర మేము పనిచేసిన ఆసుపత్రిలో డయాలసిస్ రోగుల చేతులన్నీ ఆమె చేతుల్లోనే ఉండేవి. కిడ్నీలు పాడైన మనిషికి వారానికి మూడుసార్లు రక్తాన్ని బయటికి తీసి, యంత్రంలో కడిగి, తిరిగి ఎక్కించాలి. మామూలు నరం ఆ పోటుకు ఆగదు. అందుకని మణికట్టు దగ్గర ఒక సిరను తెచ్చి ధమనికి కుడతారు. ధమని జోరంతా అందులోకి వచ్చి, నెలా రెండు నెలల్లో ఆ సిర చిటికెన వేలంత లావవుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు, సూదులు అందులో గుచ్చుతారు. ఇక ఆ చేతితో బరువులు ఎత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు, దాని మీద తల పెట్టుకుని నిద్రపోకూడదు. ఒక చేతిని ప్రాణానికి అప్పగించి రెండో చేతితో పొట్ట పోసుకోవాలన్నమాట. కూలిపని చేసేవాడికి ఏ చేయి ఇవ్వాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మిగతా డాక్టర్లు ఏ చేతివాటమని అడిగి కాగితం మీద రాసుకునేవారు. షంసా మేడమ్ కాగితాన్ని నమ్మేది కాదు. పొట్టి మనిషి, నల్లటి అబాయా మీద తెల్లకోటు, చెవి వెనక వడ్రంగి పెన్సిల్‌లాగా గుర్తులు పెట్టే పెన్ను. రోగి ఎదురుగా నిలబడి, "కామ్ కర్‌కే దిఖావ్" అనేది. పని చేసి చూపించు. ఖురియాత్ నుంచి వచ్చిన ముసలి జాలరి ఓపీ గది మధ్యలో లేని వలను లాగి చూపించాడు. రెండు చేతులూ సమానంగానే లాగుతున్నాయి. బరువు మీద పడినప్పుడు ఏ చేతి పట్టు ఆఖరున వదులుతావని అడిగింది. అతను కళ్ళు మూసుకుని మళ్ళీ లాగి, కుడి అన్నాడు. ఫిస్టులా ఎడమకు పెట్టింది. రొట్టెలవాడు మేడమ్ బల్లనే తందూరు చేసుకుని రొట్టెలు చరిచాడు.

మనవాళ్ళు వచ్చినప్పుడు దుబాసీని నేనే. ఆ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. ఆమె మూడు ముక్కలు చెబితే నేను ముప్ఫై చెప్పేవాణ్ణి. కడప నుంచి వచ్చిన ఖాదర్ భాయ్ అనే డ్రైవర్‌కు, ఈ ఆపరేషన్ అయితే చేతిలో గుర్రం పరుగెత్తినట్టు ఉంటుందని, సుల్తానుల ఇళ్ళలో కూడా ఇలాంటి చేయి దొరకదని ఉర్దూలో వర్ణించాను. మేడమ్ ఓపికగా అంతా విని, చక్కటి హిందీలో, "గంగారాం, నేను ఆపరేషన్ గురించి చెప్పాను. నువ్వు పెళ్ళి సంబంధం మాట్లాడావు" అంది. ఆమెకు హిందీ అంత బాగా వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నా అదృష్టమో దురదృష్టమో, తెలుగు మాత్రం రాదు.

మల్లేశ్ ఇబ్రిలో ప్లాస్టర్ మేస్త్రీ. నిర్మల్ దగ్గరి పల్లె వాడిది. అప్పటికే మెడలో ట్యూబుతో డయాలసిస్ చేయించుకుంటున్నాడు, ఆ ట్యూబుకు రెండుసార్లు చీము పట్టింది. ఫిస్టులా పెడితే ట్యూబు పోతుంది, మళ్ళీ పనిలోకి రానిస్తానని సూపర్‌వైజర్ మాటిచ్చాడు. వాడికి తెలుగు తప్ప ఏమీ రాదు. ఓపీ కిటకిటలాడుతున్న ఆ రోజు మేడమ్‌ను అర్జంటుగా థియేటర్‌కు పిలిచారు. పోతూ పోతూ, వాడి పని చూసి నాకు చెప్పు అని నాకు అప్పగించింది. నాకేమో టీ వేళ అయింది. వాడు ఒప్పుకోలు కాగితం మీద కుడిచేత్తో సంతకం పెట్టడం చూశాను. చాలనుకున్నాను. సాయంత్రం మేడమ్ అడిగితే, "చూపించాడు మేడమ్, కుడిచేతివాటం" అన్నాను. ఆమె నన్ను నమ్మి ఎడమ చేతి మీద నల్లగీత గీసింది.

మర్నాడు పొద్దున ట్రాలీ తోస్తుంటే మల్లేశ్ ఆ గీతనే చూసుకుంటున్నాడు.

"కాకా, ఈ చేయి పోతె నేనెట్ల బతకాలె? తాపీ పట్టేది దీంతోనే."

"నిన్న సంతకం కుడితోని పెట్టినవ్ గదరా."

"సంతకం కుడే. బువ్వ కుడే. చిన్నగున్నప్పుడు బడిల సారు ఎడమచేతి మీద కొట్టి కొట్టి మార్పిచ్చిండు. గోడ పని నాకెవ్వలు నేర్పలే, నేనే నేర్సుకున్న. అది ఎడమ."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వడగకపోతివి."

ఆ మాట వినగానే ట్రాలీ అక్కడే ఆపి, థియేటర్‌లోకి దూసుకెళ్ళి, ఆపరేషన్ ఆపండని కేక పెట్టాను. మా ఊళ్ళో ఈ సంగతి ఇలాగే చెబుతాను. మీకు మాత్రం జరిగింది చెబుతాను. ట్రాలీ ఆపలేదు. పెద్దసార్లు పెట్టిన గీత, వాళ్ళకు తెలియదా అని వాడికి ధైర్యం చెబుతూ లోపలికి తోసేశాను. ఉద్యోగం భయం. అంతకన్నా, మేడమ్ ముందు అబద్ధాలకోరుగా నిలబడాలంటే సిగ్గు. వాణ్ణి బల్ల మీదికి మార్చారు. చేయి చాపి పసుపు మందు పూశారు. ఆకుపచ్చ గుడ్డలు కప్పారు. మత్తు సూది తయారైంది. నేను గోడకు ఆనుకుని నా చెప్పులు చూసుకుంటున్నాను.

సూది పట్టుకునే ముందు గీత వెంబడి వేళ్ళతో తడమడం ఆమెకు అలవాటు. తడుముతూ, నా వైపు చూడకుండానే, "గోడకు మాలు ఎలా కొట్టాడు? చేసి చూపించు" అంది. సరదాకే అడిగింది. కుడిచేయి ఎత్తితే అయిపోయేది. నా రెండు చేతులూ లేవలేదు.

"నేను చూడలేదు మేడమ్" అన్నాను. మిగతాదంతా చెప్పేశాను.

ఆమె గుడ్డలన్నీ తీయించింది. మల్లేశ్‌ను బల్ల మీద కూర్చోబెట్టి, ఒక స్టీల్ ట్రే వాడి చేతికిచ్చి, నా వైపు చూసి తల ఊపింది. పని చేసి చూపించు బిడ్డా అన్నాను, ఈసారి ఒక్క మాట కూడా కలపకుండా. వాడు ట్రేను సిమెంట్ మాలు పలకలా కుడిచేతిలోకి తీసుకున్నాడు. పసుపు మందు కారుతున్న ఎడమచేయి లేచింది. మణికట్టు విసురుతో మాలు కొట్టాడు, పైనుంచి కిందికి లాగాడు, ఒక కన్ను మూసి తలవంచి సాఫీ చూసుకున్నాడు. అంత భయంలోనూ వాడికి గోడ మాత్రమే కనబడుతోంది. ఆ ఎడమచేతిని ఇంకాస్త ఉంటే కోసేవాళ్ళం.

మేడమ్ స్కానింగ్ యంత్రం తెప్పించి కుడిచేతి సిరలు వెతికింది. అవి సన్నగా ఉన్నాయి, ఫిస్టులా పడితే పడుతుంది లేకపోతే లేదు అంది. ఆ మాట అనువదించేటప్పుడు నాకు దాన్ని తియ్యగా చేయాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. ఉన్నదున్నట్టే చెప్పాను. మల్లేశ్ ఆలోచించి, పెట్టుమను కాకా అన్నాడు. ఆలస్యం ఎందుకైందని పైవాళ్ళు అడిగితే, రోగిని నేను సరిగా చూడలేదు అని ఆమే చెప్పుకుంది. నన్ను పిలిచి వేసిన శిక్ష వేరు. ఇకమీదట ప్రతి రోగీ తన పని చూపించాక, అదే పనిని నేను కూడా ఆమె ముందు చేసి చూపించాలి. ఆ తరవాతి ఏళ్ళలో నేను వలలు లాగాను, దిష్‌దాషాలనే పొడుగు అంగీలు కుట్టాను, ఒంటె పాలు కూడా పితికాను. ఒంటెకు బదులు ఆక్సిజన్ సిలిండర్. రోగులు కడుపు పట్టుకుని నవ్వేవారు. నవ్వినవాళ్ళు ఆపరేషన్‌కు అంతగా భయపడేవారు కాదు. శిక్ష వేసినప్పుడే మేడమ్ అది ఊహించిందా అని నాకిప్పటికీ అనుమానం.

కుడిచేతికి ఆపరేషన్ అయిన ఏడో వారం మల్లేశ్ వచ్చాడు. మేడమ్ వాడి కుడి మణికట్టు మీద వేళ్ళు పెట్టి అటూ ఇటూ తడిమింది. అప్పుడు నా చేయి పట్టుకుని అక్కడ ఆనించింది. చర్మం కింద సన్నటి వణుకు, పిల్లి గుర్రుమన్నట్టు, ఆగకుండా. ధమని జోరు ఆ సిరలోకి వచ్చేసింది. పది రోజులకు మెడలో ట్యూబు తీసేశారు. వాడు ఇబ్రికి పోయి తాపీ పట్టుకున్నాడు.

నేను రిటైరైన రోజు మేడమ్ ఖర్జూరాల డబ్బా ఇచ్చి, ఊరికి పోయి నా గురించి ఏం చెబుతావని అడిగింది. మీరు ఆరడుగుల మనిషని, కళ్ళకు గంతలు కట్టుకుని ఆపరేషన్ చేస్తారని చెబుతానన్నాను.

ఆమె నవ్వి, "ఎంతైనా పెంచి చెప్పు. చేయి మాత్రం మార్చకు" అంది.

అందుకే చెబుతున్నాను. పిల్లి గుర్రుమనడం నా కల్పన, నాకు తెలిసిందల్లా వేళ్ళ కింద ఏదో కదిలిందని. ఒంటె పాలు ఒక్కసారే పితికాను. ఏడో వారమో ఎనిమిదో వారమో కచ్చితంగా గుర్తులేదు. ఫిస్టులా మాత్రం కుడిచేతికే పెట్టారు.