రెండుగా చీలిన బొట్టు

ముప్పై ఏళ్ళుగా ఈ సంగతి చెప్పాలని నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు నా విస్తట్లో ఇంకో వడ వేసి నోరు మూయించారు గనుక, ఇక కాగితం మీదే చెప్పుకుంటున్నాను. కాగితమైతే సగంలో లేచి చెయ్యి కడుక్కోవడానికి పోదు.

పోయిన నెల మైలాపూరులో ఒక కల్యాణ మండపంలో మా బావకు, అంటే మా అక్క భర్తకు, భీమరథ శాంతి జరిగింది. డెబ్భై నిండినాయనకు కలశాల నీళ్ళు పోసి, అక్క మెళ్ళో మళ్ళీ తాళి కట్టించి, అంతటితో ఆగక బావ చేతికి మైకు కూడా ఇచ్చారు.

"ఆ కాలంలో మేమొక టర్బో కారు చేసినాం. ట్యూనింగంతా మా బామ్మర్దే. అదో, ఆడ రెండో వరసలో కూర్చోనుండాడే, ఆయనే! విజయదశమి నాడు నేను రోడ్డెక్కించినాను, రాయపురం దాటే లోపల పిస్టను కరిగి పాయసమైపోయింది!"

మండపమంతా గొల్లున నవ్వింది. నేను లేచి మైకు అడిగాను. భోజనాలైనాక ఇస్తామన్నారు. భోజనాలైనాక మైకు ఉంది, వినడానికి ఎవరూ లేరు.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. నేను హార్బరులో క్రేన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టర్ని. బావ సినిమా షూటింగులకు కార్లు పంపేవాడు. కాపురం వాషర్‌మెన్‌పేట్‌లో, ఎదురింటి పోపు మన ఇంట్లో తుమ్ము తెప్పించేంత ఇరుకు సందులో. తరుముకునే సీన్లలో సొట్టలు పడి, ఏ కంపెనీకీ పనికిరాని ఒక చిన్న పెట్రోలు కారును బావ ఒకనాడు తాడు కట్టి లాక్కొచ్చి మా గుమ్మం ముందు వదిలి, "మచ్చాన్, దీనికి టర్బో పెడతావా, లేకుంటే నీకు క్రేన్లు మాత్రమేనా?" అన్నాడు. ఆ మాట నన్ను రెచ్చగొట్టడానికేనని తెలిసీ రెచ్చిపోయాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. ఈ మొత్తం వ్యవహారంలో నా తప్పు అదొక్కటే.

పుదుపేట పాత సామాన్ల అంగళ్ళలో వరసగా ఎన్ని ఆదివారాలు తిరిగానో, చివరికి నత్తగుల్లలాంటి ఆ టర్బో ఒకటి దొరికింది. ఇంజను వదిలే పొగ ఊపుకి దానిలో చక్రం తిరిగి, బయటి గాలిని ఇంజనులోకి కుక్కుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే లోపల వేడికి పిస్టను కరుగుతుంది. ఆ రెంటినీ సరితూచడమే ట్యూనింగంటే. ఇప్పటిలా కంప్యూటరు పెట్టి చూసుకునే రోజులు కావవి. పొద్దున్నే హార్బరు రోడ్డు మీద ఒక పరుగు తీసి, ఇంజను ఆపి, స్పార్కు ప్లగ్గులు విప్పి వాటి రంగు చూసేవాణ్ణి. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబడితే ప్రమాదం, బిస్కెట్టు రంగులో ఉంటే నా పంట పండినట్టు. పక్క సీట్లో నా భార్య ఒత్తిడి మీటరు ఒళ్ళో పెట్టుకుని అంకెలు చదివేది. "నాలుగు... అయిదు... ఇదేంది, మనిషికి జొరం చూసినట్టుండాదే! ఆరు!" అని అరిచేది. ఆరు దగ్గర ప్లగ్గులు నాలుగూ బిస్కెట్టు రంగుకొచ్చాయి. ఆరు దాటనివ్వకూడదని ఆనాడే నిర్ణయించుకున్నాను.

ఒత్తిడిని అదుపులో పెట్టడానికి నేను వాడింది చేపల తొట్టి గాలిగొట్టానికి ఉండే చిన్న వాల్వు. దాన్ని స్టీరింగు కింద, చేతికి అందేటట్టు బిగించి, ఆరు దగ్గర నిలిపాను. దాని తల తిప్పి వదులు చేసేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. వేళ్ళతో గట్టిగా పట్టి తిప్పితే తప్ప కదలని రకం అది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆయుధపూజ వచ్చింది. నా భార్య కారుకీ, స్పానర్లకీ, చివరికి నూనె గరాటుకీ కూడా గంధం పూసి కుంకుమ పెట్టింది. ఆ వాల్వు మరీ చిన్నది కావడంతో, తలకొకటీ ఒంటికొకటీ పెట్టే చోటు లేక, రెండింటి మీదా పడేటట్టు ఒక్కటే బొట్టు పెట్టింది. పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు తీసేదాకా తాకకూడదు, నేను తాకలేదు. మర్నాడు బావ వచ్చి, "పెద్దోణ్ణి, మొదటి సవారీ నాది" అని నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని, ఒక్కడే వెళ్ళాడు. నన్ను ఎక్కించుకోనైనా లేదు.

గంట తర్వాత చేపల వ్యాను వెనక తాడుతో తిరిగొచ్చింది నా కారు. సందంతా వింటుండగా, "చూసినావా నీ ట్యూనింగు! పిస్టనుతో పాయసం కాచినావు!" అన్నాడు బావ.

హెడ్డు విప్పి చూస్తే మూడో పిస్టనుకు చిల్లు. తర్వాత స్టీరింగు కిందికి వంగి చూశాను. ఎండిన గంధం మీద ఆ బొట్టు రెండు ముక్కలై ఉంది. కింది సగం పెట్టినచోటే ఉంది, పై సగం వాల్వు తలతోబాటు వదులయ్యే వైపుకి తిరిగిపోయింది. పూజ తర్వాత ఎవరో దాన్ని తిప్పారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో మళ్ళీ చెప్పక్కర్లేదు కదా.

ఆ వాల్వును అలాగే ఊడదీసి, కాగితంలో చుట్టి అక్క ఇంటికి పట్టుకెళ్ళాను. విప్పి చూడమంటే బావ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అక్క, "పోనీలేరా, పండగ పూట ఏందిది, మాయన మొగమెట్ల చిన్నబోయిందో చూడు" అంది. నా మొగం సంగతి ఎవరికీ పట్టలేదు. కారు తుక్కుకు పోయింది. ఆ రోజు నుంచి సందులో నా పేరు పాయసం. షెడ్డు దాకా పాకింది. ఆ తర్వాత ఒక్కరంటే ఒక్కరు నా చేతికి ఇంజను ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో పాయసం కాయడం మానేసి ముప్పై ఏళ్ళయింది. ఆ మానేసింది నా భార్య, నేను అడక్కుండానే.

ఇప్పుడు మా సందు చివర కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ తగిలించి ఇదే పని చేస్తున్నారు. నిల్చుని చూస్తుంటాను. ఎంత ఒత్తిడి పెట్టారో, ఏ క్షణాన ఎవరు మార్చారో అన్నీ అందులో నమోదవుతాయట. ఒకడు చేసి ఇంకొకడి మీద వేయడానికి వీల్లేదట. వింటుంటే సంతోషం కాదు, కడుపు మండింది. ఒక్క ముప్పై ఏళ్ళు ముందొచ్చి ఉంటే ఏం పోయింది? నా ఇంజనుకు సాక్ష్యం ఒక కుంకుమ బొట్టు. దాన్ని చూడమంటే చూసినవాళ్ళు లేరు.

వాల్వు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గంధం కొంత రాలింది, ఎరుపు ఇంకా పోలేదు. బావా, కళ్ళజోడు పెట్టుకుని చూడు. మండపం అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. నా ఎదుట కూర్చుని ఒక్క మాట చెప్పు: ఆ రోజు ఆ వాల్వు తిప్పింది నువ్వా, కాదా?