పచ్చ బటన్

ఈ రోజు టెక్కలిలో మా దివ్యాంగుల సంఘం వెబ్‌సైట్ ప్రారంభించారు. ఇకపై ఏ దరఖాస్తుకైనా బస్సెక్కి ఆఫీసుకు రానక్కర్లేదట, ఇంట్లోంచే పెట్టుకోవచ్చట. పుట్టుగుడ్డివాణ్ణి కాబట్టి ప్రారంభించే గౌరవం నాకే దక్కింది. సంతబొమ్మాళి నుంచి బస్సెక్కి వెళ్లాను.

స్టేజీ మీద నా ఫోన్‌లోనే సైట్ తెరిచి, వేలు జరిపాను. తెర మీద ఉన్నదల్లా చదివి వినిపించే నా ఫోన్ "బటన్... బటన్... బటన్" అంది. ఏ బటన్ దేనికో సైట్‌లో రాసి ఉంటే కదా, అది మాత్రం చదవడానికి!

సైట్ తయారుచేసిన పలాస డిజైనర్ పక్కనే నిలబడి, "ఆ పచ్చ బటన్ నొక్కీ బావా" అన్నాడు.

"పచ్చంటే ఎలాగుంటాది బావా?" అన్నాను.

"అదేటి బావా, అంత పెద్దది ఎట్టినాను, ఎవలికైనా కనిపిత్తాది!"

చివరికి నా వేలు తనే పట్టుకుని నొక్కించాడు. చప్పట్లు మోగాయి. ఫొటో తీశారు.

ఆ ఫొటో సైట్ మొదటి పేజీలోనే పెట్టామని సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు. వెంటనే తెరిచి వెతికాను. నా ఫోన్ "ఇమేజ్" అని ఊరుకుంది.

కళ్లున్నవాళ్లు ఎవరైనా చూసి, కామెంట్‌లో చెప్పండి. అందులో నేను సంతోషంగానే ఉన్నానా?